ఒక్క అమ్మకే చోటు

ఈ ఉదయం నేను బతికే ఉన్నానని ఫోనును నమ్మించడానికి గంటసేపు పట్టింది. పింఛను ఆగకుండా రావాలంటే ఏడాదికోసారి ఈ తతంగం తప్పదు. నేరేడ్‌మెట్‌లో మా ఇంటి వరండాలో వెలుతురు బాగుంటుందని కుర్చీ అక్కడ వేసుకుని కూర్చున్నాను. ముఖం గుండ్రంలో పెట్టమంటుంది, కళ్ళు ఆర్పమంటుంది, ఆర్పితే మళ్ళీ ప్రయత్నించమంటుంది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను, తీసి చూశాను, చివరికి బొట్టు కూడా తీసి చూశాను. ఎదురింటావిడ గేటు దగ్గర ఆగి "ఎవరికండీ సైగలు చేస్తున్నారు" అని అడిగితే ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే నేను పనిచేసిన కంపెనీలో స్టోర్సు భాయ్ వాళ్ళమ్మ గుర్తొచ్చింది. ఆవిడ విషయంలో కూడా ఒకప్పుడు ఇదే గొడవ, బతికున్న మనిషి బతికే ఉందని ఒక కంప్యూటరుకు చెప్పలేక చచ్చాం.

అప్పట్లో నేను బోయిన్‌పల్లిలో కరెంటు స్విచ్చులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో, సిబ్బంది సెలవులూ హాజర్లూ చూసే సెక్షన్లో పనిచేసేదాన్ని. కూరగాయల మార్కెట్టు దగ్గరే కాబట్టి పొద్దున కిటికీ తెరిస్తే కొత్తిమీర వాసన, మధ్యాహ్నానికి కుళ్ళిన టమాటాల వాసన. విజయనగరం వదిలి ఎన్నేళ్ళయినా నా నోటినుంచి "ఏటి" పోలేదని అందరూ ఆటపట్టించేవాళ్ళు. అలా ఆటపట్టించినవాళ్ళే ఇంట్లో ఎవరైనా పోయి సెలవు కావలసి వస్తే నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, క్యాంటీను టీ తాగుతూ కథంతా చెప్పేవాళ్ళు. ఎవరు పోయారు, ఎలా పోయారు, ఉన్నన్నాళ్ళూ ఆ మనిషి ఎలా ఉండేది, అన్నీ. అంతా విని "దగ్గరి బంధువు" అని ఒక ముక్క రాసి మేనేజరుగారి సంతకానికి పంపేదాన్ని. పెంచిన మేనత్త అయినా, బాబాయి కొడుకైనా మా లెక్కలో దగ్గరివాళ్ళే. దాని మీద ఎవరూ ఎప్పుడూ ఒక ప్రశ్న వెయ్యలేదు.

ఇంతలో ఊరంతా సాఫ్ట్‌వేరు గాలి మొదలైంది. మారేడ్‌పల్లిలో ఏ మేడ చూసినా కంప్యూటరు కోర్సుల బోర్డే, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు కూడా ఏ కోర్సు చేస్తున్నావనే అడిగేవాళ్ళు. మా యజమాని మాత్రం ఊరుకుంటాడా? ఆయనా ఒక సిస్టం కొనుక్కొచ్చాడు. సెలవులు, జీతాలు, వైద్యం కార్డులు అన్నీ ఇక అందులోనే అన్నారు. క్యాంటీను గోడవార ఒక కంప్యూటరు పెట్టి, ఎవరి సెలవు వాళ్ళే పెట్టుకోమన్నారు. నా బల్ల పక్కన స్టూలు ఇక ఎందుకని తీసి దానిమీద ప్రింటరు పెట్టారు. ఆ కోపం నాకు ఈరోజుకీ చల్లారలేదు.

స్టోర్సు చూసుకునే భాయ్‌ది జనగామ వైపు. నమాజు తప్పని మనిషి, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ప్రతి వేసవిలో వాళ్ళ పెద్దమ్మ పెట్టిన ఆవకాయ డబ్బా నా బల్ల మీదకు వచ్చేది. మా వైపు ఆవకాయే ఆవకాయ అని నేనూ, ముందు ఇది తిని మాట్లాడమని అతనూ వాదించుకునేవాళ్ళం. ఆ పెద్దమ్మా, వాళ్ళమ్మా సొంత అక్కచెల్లెళ్ళు. అన్నదమ్ములను చేసుకుని ఒకే ఇంట్లో కాపురమున్నారు. పెద్దమ్మకు పిల్లలు కలగలేదు. భాయ్ పుట్టగానే వాళ్ళమ్మ అతన్ని అక్క ఒళ్ళో పెట్టేసిందట. ఇద్దరినీ అమ్మా అనే పిలిచేవాడు. ఆ పెద్దమ్మ పోయిన రోజున భాయ్ క్యాంటీను కంప్యూటరు ముందు నిలబడ్డాడు. చావు సెలవుకు అందులో తండ్రి, తల్లి, భార్య, బిడ్డ, అంతే. పెద్దమ్మ లేదు. పాపం ఏం చేస్తాడు, తల్లి అన్నచోట నొక్కి ఊరికి పోయాడు. ఆ స్థితిలో మనమున్నా అదే నొక్కుతాం.

తరవాత కొన్ని నెలలకు వాళ్ళమ్మకు గుండెజబ్బు ముదిరింది. ఆపరేషన్ ఆలస్యం చెయ్యొద్దన్నారు డాక్టర్లు. ఆసుపత్రిలో కంపెనీ కార్డు చూపిస్తే చెల్లదన్నారు. భాయ్ చెమటలు కక్కుతూ నా దగ్గరకొచ్చాడు. "మేడమ్, జెర చూడుండ్రి. అమ్మ కార్డు నడుస్తలేదంట. ఆమెను గా మంచం మీద పండబెట్టి ఉరికొచ్చిన," అన్నాడు. తెర తెరిచి చూస్తే వాళ్ళమ్మ పేరు పక్కన "మరణించారు" అని ఉంది. చావు సెలవు మంజూరు కాగానే, సిస్టం తనంతట తానే ఆవిడ పేరు వైద్యం కార్డులోంచి తీసేసింది. తిరిగి చేర్చే దారి ఎంత వెతికినా కనిపించలేదు. అమ్మినవాళ్ళకు ఫోను చేస్తే, "పోయినవాళ్ళ పేరు మళ్ళీ తెరవడం కుదరదు మేడమ్, డిజైనే అంత," అంది అవతలి పిల్ల, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇద్దరం మేనేజరుగారి గదికి వెళ్ళాం. ఆయన చెడ్డవాడేం కాదు, కానీ తెరమీద కనబడిందే ఆయనకు వేదం. "మదర్ బతికే ఉందంటే అప్పటి లీవు ఫాల్స్ అన్నమాట. ఫాల్స్ లీవుకి చార్జిషీటు ఇవ్వాలి. తరవాత ఉద్యోగం సంగతి నేను చెప్పలేను," అన్నారు. ఉద్యోగం పోతే ఇక కార్డే ఉండదు. అమ్మను బతికించుకోవాలంటే ఉద్యోగం నిలవాలి, అది నిలవాలంటే అమ్మ పోయిందని ఒప్పుకుని కూర్చోవాలి, అలా ఒప్పుకుంటే ఆపరేషన్ లేదు. "ఇదేటండీ," అన్నాను, గట్టిగానే. భాయ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "నాకు ఇద్దరమ్మలు సార్. గా కంప్యూటర్ల ఒక్కరికే జాగ ఉంది. నేనేం జెయ్యాలె?" అన్నాడు. మేనేజరుగారు లేచి ఫ్యాను వేగం పెంచుకున్నారు.

నా బల్ల దగ్గరకొచ్చి, కసికొద్దీ ఆ సిస్టంలో కనిపించినవన్నీ నొక్కాను. కార్డులో కొత్త మనిషిని చేర్చే చోట "తల్లి" నొక్కితే ఇదివరకే ఒకరుండి పోయారు, ఇంకొకరికి చోటు లేదంది. ఇంకా కిందకు పోతే, ఎవరికోసం తయారుచేశారో గాని, "సవతి తల్లి" ఉంది. పెంచిన పెద్దమ్మకు లేని చోటు సవతి తల్లికి ఉంది. భాయ్ మొహం చూశాను. "ఏదో ఒకటి పెట్టుండ్రి మేడమ్," అన్నాడు అతను. పెట్టాను. సిస్టం కిమ్మనకుండా తీసుకుంది. మేనేజరుగారు వచ్చి చూసి, "సిస్టం యాక్సెప్ట్ చేసిందిగా, ఇంకేం ప్రాబ్లం," అని సంతోషించారు. ఆ సాయంత్రమే కార్డు చెల్లింది, ఆపరేషన్ జరిగింది.

ఆవిడ కోలుకున్నాక బత్తాయిలు పట్టుకుని చూడబోయాను. గోడకానుకుని కూర్చుంది, చిన్న ప్రాణి. "నన్ను సవతి తల్లిని చేసిండ్రంట గద," అని నవ్వింది. నాకు మళ్ళీ కోపం ముంచుకొచ్చి, ఎంత దూరమైనా వెళ్ళి ఆ తప్పు దిద్దిస్తానన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "వద్దు బిడ్డా. మా అక్క బతికినన్ని దినాలు, పిల్లల్లేరని అందరు అన్నోళ్ళే. మీ కంప్యూటర్లనన్న తల్లి అయింది. గట్లనే ఉండనియ్," అంది. నేను బత్తాయి ఒలుస్తూ తల వంచుకున్నాను.

మరికొన్నేళ్ళకు ఆవిడ నిజంగానే పోయింది. చావు సెలవుకు తల్లిని నొక్కితే, ఇదివరకే వాడుకున్నారంది సిస్టం. సవతి తల్లి ఆ వరుసలో లేదు. భాయ్ మామూలు సెలవు పెట్టుకుని, ఊరికి పోయేముందు నా దగ్గరకొచ్చాడు. ప్రింటరు ఎత్తి కింద పెట్టి, ఆ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "రాసేదేం లేదు మేడమ్, ఊకెనే చెప్తున్న," అని వాళ్ళమ్మ గురించి మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. తెప్పించిన టీ అలాగే ఉండిపోయింది.

నా ఫోను ఎట్టకేలకు ఒప్పుకుంది, వచ్చే ఏడాది దాకా నేను బతికున్నట్టే. అన్నీ చిటికెలో అయిపోయే కాలం వచ్చింది, కాదనను. కాని ఒక మనిషి పోయిందని చెప్పుకోవడానికి మాత్రం ఇప్పటికీ ఒక స్టూలూ, టీ చల్లారిపోయేంత కాలమూ కావాలి.