జపాన్ పటం మీద గంధం బొట్లు

మా ఇంట్లో దాన్ని జపాన్ పటం అంటాం. చాపలా చుట్టి పెట్టుకునే పొడవాటి పటం. విప్పితే పైనుంచి కిందికి మూడు బొమ్మలు అతికించి ఉంటాయి: వానలో చెక్క వంతెన, మంచు పడ్డ కొమ్మ మీద కాకి, తల దువ్వుకుంటున్న ఆడమనిషి. నేను పుట్టకముందు, పట్టుపురుగుల పెంపకం నేర్పడానికి జపాన్ నుంచి ఒకాయన వచ్చి బెంగళూరులో కొన్నాళ్లు ఉన్నాడట. పట్టునూలు వ్యాపారం చేసే మా నాయనకు ఆయనతో స్నేహం కుదిరింది. ఒకరి భాష ఒకరికి రాదు. వెళ్లిపోయే రోజు మా ఇంట్లో రాగిముద్ద తిని, ఈ పటం విప్పి చూపించాడు. అడుగు బొమ్మ కింది మూల వేలు ఆనించి, అదే వేలు తన గుండె మీద పెట్టుకుని, పటం నాయన చేతికిచ్చి వెళ్లిపోయాడు.

ఆ సైగకు అర్థమేమిటన్న బెంగ నాయనకు ఈమధ్యే పట్టుకుంది. ఆయన కళ్లకు నీటికాసులు వచ్చాయి. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా మెల్లగా పోతుందని డాక్టరు చెప్పేశాడు.

"గుండె మీద ఏలు పెట్టుకున్యాడంటే, అవి వాళ్లింటోళ్లు చేసినవేమో అప్పా. ఇంటి సొత్తు నాకిచ్చిపోయినాడేమో. నా కండ్లు ఉండంగానే కనుక్కో" అన్నాడు నాయన నాతో.

ఎంత తేలిగ్గా అన్నాడు! బ్రూక్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే నాకు జపాన్ బొమ్మల సంగతి ఏం తెలుసు? ఫొటో తీసి ఫోన్‌లో వెతికితే వంతెనకు గొడుగుల ప్రకటనలు, కాకికి బాత్రూం కర్టెన్లు వచ్చాయి. ఇలాంటివి తెలిసినవాళ్ల గ్రూపులో పెడితే అందరిదీ ఒకటే మాట, కింది మూల సంతకం, ఎర్రముద్ర ఉంటాయి, దగ్గరగా తీసి పంపమని. తీశాను. ఎర్రటి మరక తప్ప ఏమీ లేదన్నారు. ఇంకా దగ్గరగా తీశాను. ఒక పెద్దమనిషైతే ముందు ఫొటో తీయడం నేర్చుకోమన్నాడు. ఒళ్లు మండిపోయింది.

చివరికి పాత కాగితాలు బాగుచేసే ఒకావిడ యలహంకలో ఉందని తెలిసింది. శనివారం పటాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, హెబ్బాళ ట్రాఫిక్‌లో ఉడికిపోయి, ఆవిడ ఇంటికి చేరాను. ఆవిడ పటం బల్ల మీద పరిచి భూతద్దం పెట్టింది.

"మెషీన్ ప్రింట్ అయితే చుక్కలు కనిపించాలండి. లేవు. చెక్క అచ్చులతో ఒక్కో రంగూ విడిగా అద్దినవే. పాతవే."

నాకు ప్రాణం లేచొచ్చింది.

"వెనకవైపు చూస్తే ఇంకొంచెం తెలిసేది. అతికించేశారు కదా. ఇక సీల్ ఒక్కటే దిక్కు" అంటూ మూలకు వచ్చి ఆగింది. వంగి వాసన చూసింది. "ఇది గంధం కదండీ?"

గంధమే. దాని మీద కుంకుమ. మూడు బొమ్మలకూ అంతే. ఆయుధపూజ నాడు మా అమ్మ బొట్టు పెట్టని వస్తువంటూ ఉండదు. మిక్సీ, స్కూటరు, నా ల్యాప్‌టాప్, వాటితోపాటు ఈ పటం. ఏళ్ల తరబడి పెట్టిన గంధం అట్టలు కట్టింది. తడిపి తీయొచ్చా అని అడిగాను. తడి తగిలితే కింద ముద్ర కూడా లేచిపోతుందని, గీకితే కాగితం చిరుగుతుందని, తానైతే ముట్టుకోనని ఆవిడ చెప్పింది.

ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. "ఇంత పటం ఉండాది గదమ్మా! సరిగ్గా ముద్ర మీదనే పెట్టల్లా బొట్టు?"

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆయప్ప పోయేటప్పుడు నేనూ ఆడనే ఉంటిని. మూల ఎర్రగా బొట్టు మాదిరి ఉండె. దానికి ఏలు పెట్టి గుండెకద్దుకున్యాడు, మనం గుళ్లో చేసినట్లే. వాళ్ల దేవుడు ఆడ ఉండాడేమో అనుకుంటి. మనింటికొచ్చిన దేవునికి బొట్టు లేకుండా ఎట్ల పెట్టేదప్పా?"

నా కోపం మాత్రం పోలేదు. నాయన అంతా విని, పటం మంచం మీద విప్పమన్నాడు. అరచేత్తో పైనుంచి తడుముకుంటూ వచ్చాడు. వంతెన, కాకి, ఆడమనిషి, ఏదీ ఆయన చేతికి తెలియలేదు. అడుగు బొమ్మ కింది మూల గరుకుగా తగిలిన చోట వేలు ఆగింది.

"ఈడనేనా?"

"ఈడనే" అంది అమ్మ.

ఆ వేలు తీసి గుండె మీద పెట్టుకున్నాడు.

మొన్నటి ఆయుధపూజకు నాయనకు వెలుతురు, నీడ తప్ప ఏమీ తెలియడం లేదు. అమ్మ గంధం గిన్నె పట్టుకుని, పటం దగ్గర ఆగి నా ముఖం చూసింది. ఆ బొమ్మలు ఎవరు చేశారో నాయనకు చెప్పలేకపోయానన్న ఉక్రోషం నాకు అలాగే ఉంది.

"పెట్టమ్మా" అన్నాను. "కొంచెం మందంగానే పెట్టు. నాయన ఏలికి తగలల్ల."