నేను గుడివాడ వెళ్ళని నెల

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ధైర్యం వల్ల కాదు. దయ్యం అంతటిది శ్రమపడి వచ్చి పీడించదగ్గ మనిషిని కానన్న వినయం వల్ల. నేను బందరు కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తాను. అసలు కాగితం చూసి నకలు రాయడం, అసలుకు సరిపోయిందని కింద సంతకం పెట్టడం నా ఉద్యోగం. లేనిది రాయను, ఉన్నది వదలను. ఇదీ ఆ అలవాటుతోనే రాస్తున్నాను.

మా సుభద్రక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఆమె పద్దెనిమిదో ఏట బావగారు పోయారు. అప్పట్లో జరిపించేవన్నీ జరిపించడానికి చుట్టాలు వస్తే, మా నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడి, "నా కూతురి చెవుల జోలికి ఎవరూ రావద్దు" అన్నారట. అలా అక్కకి ఎర్రరాళ్ళ దుద్దులు మిగిలాయి. తర్వాత నాన్న ఆమెను ట్రెయినింగు చదివించారు. గుడివాడలో ఆడపిల్లల బడిలో పంతులమ్మ ఉద్యోగం దొరికింది. అక్కడే ఒక గది అద్దెకు తీసుకుని, రోజూ కాలవ గట్టు వెంట నడిచి బడికి వెళ్ళేది.

నాన్న పోయిన మరుసటి ఏడు, ఒక మాఘమాసం సాయంత్రం, బడి వదిలి వస్తుంటే లాకుల దగ్గర వెనకనుంచి ఒకడు వచ్చి ఆమె నోరు నొక్కి ఎడమ చెవి దుద్దు లాగేశాడు. శీల తిప్పే ఓపిక వాడికి లేదు. చెవి తమ్మె తెగింది. ఇంతలో కాలవలో వస్తున్న ధాన్యం పడవ వాళ్ళు కేకలేస్తే, అక్కను నీళ్ళలోకి తోసి పారిపోయాడు. పడవ వాళ్ళే ఆమెను పైకి తీశారు. వాడు దొరకలేదు.

డాక్టరు కుట్లు వేశాడు. పదిహేను రోజుల్లో చెవి మానింది. మనిషి మానలేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళు అయ్యో అనేవారు, కాఫీ తాగేవారు, లేవబోతూ "అయినా ఇంకా ఆ చెవులకి అవెందుకమ్మా నీకు" అనేవారు. దుద్దు దొంగ పట్టుకుపోతే, వీళ్ళు తప్పు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి వెళ్ళారు. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. కాఫీ గ్లాసులు అందిస్తున్నాను.

అక్క గడప దాటడం మానేసింది. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, చెవి మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకునేది. వేసవి సెలవులు అయ్యాయి, బడి తెరిచారు, ఆమె వెళ్ళలేదు. జూలై నెల దాటితే వేరే ఆవిడను చూసుకుంటామని బడివాళ్ళు కబురు పెట్టారు. ఉద్యోగం పోతే ఆమెకు మిగిలేది పెదపారుపూడిలో అత్తవారి వంటిల్లు. ఒకసారి అందులోకి వెళ్తే ఇక బయటికి రావడం ఉండదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

జూన్ చివర్లో నాకు ఉత్తరం రాసింది. "చిట్టీ, ఒక్క నెల వచ్చి నాతో బడిదాకా నడువు. నువ్వు కుడి చెప్పు ఈడ్చే చప్పుడు నాకు తెలుసు కదా. వెనక ఆ చప్పుడు వింటూ ఉంటే నడవగలననిపిస్తోంది. తర్వాత నేనే వెళ్తాను."

నాకు సెలవు ఉంది. ఇస్తామని పై గుమాస్తాగారు అన్నారు కూడా. అయినా నేను వెళ్ళలేదు.

కారణం చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. మా నాటక సమాజం ఆ నెలాఖరుకు కొత్త నాటకం వేస్తోంది. నాది ద్వారపాలకుడి వేషం. ఆ వేషానికి మాటలు రెండు. ఒకసారి "చిత్తం ప్రభూ", ఇంకోసారి "చిత్తం ప్రభూ". వాటి సాధనకి సోమ, గురు, శనివారాలు సరిపోయేవి. మిగతా రోజుల్లో బయల్దేరవచ్చు కదా అంటే, వారశూల అడ్డం వచ్చేది. దయ్యాల్ని నమ్మనివాణ్ణి వారశూలను మాత్రం కావలసినప్పుడల్లా నమ్మేవాణ్ణి. శుక్ర, ఆదివారాలు పడమటికి ప్రయాణం కూడదు, మంగళ, బుధవారాలు ఉత్తరానికి కూడదు. గుడివాడ బందరుకి వాయవ్యంగా ఉంది. అందుచేత శుక్ర, ఆదివారాల్లో ఆ ఊరు నాకు పడమర, మంగళ, బుధవారాల్లో ఉత్తరం.

వెళ్ళకపోయినా కార్డులు రాశాను. మొదటి కార్డులో "వచ్చే వారం తప్పక వస్తాను" అన్నాను. రెండో దాంట్లో "తప్పక" కింద ఒక గీత గీశాను. మూడో దాంట్లో రెండు గీతలు. నాలుగో కార్డుకి వచ్చేసరికి ఆ మాట గీతల మీద మంచం వేసుకుని పడుకున్నట్టుంది.

నాటకం శనివారం అయిపోయింది. సోమవారం హల్వా పొట్లం ఒకటి, గొడుగు ఒకటి పట్టుకుని రైలెక్కాను. జూలైలో ఇక రెండు రోజులు మిగిలాయి. అక్క ఇంటికి వెళ్ళేసరికి పదకొండైంది. తలుపుకి తాళం ఉంది. పెదపారుపూడి తీసుకుపోయారు అనుకున్నాను.

ఇంటివారు వెంకాయమ్మగారు చేటతో బయటికొచ్చారు.

"అదేంటి బాబూ, మళ్ళీ తిరిగొచ్చావు? ఏమన్నా మర్చిపోయావా?"

"ఇప్పుడే వస్తున్నానండీ. అక్కేదీ?"

"బళ్ళో ఉంది. పొద్దున నువ్వే గదయ్యా తీసుకెళ్ళావు?"

"నేనా?"

"నువ్వు గాక నీ నీడా? నెల్లాళ్ళుగా చూస్తన్నా. లోపలికి రమ్మంటే రావు, మంచినీళ్ళన్నా పుచ్చుకోవు. ఆ అరుగు పక్కనే నిలబడతావు. అంత బెట్టు దేనికయ్యా?"

పెద్దావిడ, చూపు ఆనడం లేదనుకున్నాను. నన్ను ఎరిగినవాళ్ళెవరూ తాగే వస్తువుల విషయంలో నాకు బెట్టుందని అనరు.

గట్టు మీద లాకుల దగ్గర మస్తాన్ సాయిబు సోడా కొట్టు ఉండేది. ఆయన చూపుకి ఏ లోపమూ లేదు. నన్ను చూసి నవ్వాడు. "ఏం బాబుగారూ, ఇయ్యాళ రెండు ట్రిప్పులా? రోజూ సలాం కొడతన్నా, ఒక్కనాడూ పలకరేంటండీ?"

నెల రోజులు ఎవరితోనూ పలక్కుండా నేను నడిచానంటే, నన్ను కొంచెం ఎరిగినవాడికైనా అక్కడే అనుమానం రావాలి. కానీ ఆ ఊళ్ళో నన్ను అంతగా ఎరిగిన మనిషి ఒక్కతే. ఆమె బళ్ళో ఉంది.

అక్క వరండాలో చిన్నపిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తోంది. చెంగు చెవుల మీద లేదు. కుట్లు పడిన ఎడమ చెవి, దుద్దు ఉన్న కుడి చెవి రెండూ అందరికీ కనిపిస్తున్నాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నా మొహం చూసింది, చేతిలో పొట్లం చూసింది.

"వచ్చావా," అంది. పొట్లం అందుకుని, "రేపట్నించి నేనే నడవగలన్రా. ఇంక తోడక్కర్లేదు" అంది.

వెనకనుంచి పెద్ద పంతులమ్మగారు, "ఇలాంటి తమ్ముడు ఇంటికొకడుంటే చాలండీ" అన్నారు.

నేను నోరు తెరవవలసింది అప్పుడు. నేను రాలేదు, నాకేం తెలియదు అనాలి. కానీ ఆ మెప్పు వినడానికి హాయిగా ఉంది. పైగా నిజం చెబితే ఆ నెలంతా ఎక్కడున్నావని అడుగుతారు. "చిత్తం" అన్నాను. నెల రోజుల సాధన ఊరికే పోలేదు.

నాలుగింటికి బడి వదిలారు. నేను గేటు దగ్గర నిలబడి అటూ ఇటూ చూశాను. నాలాంటివాడు ఎవడైనా వస్తాడేమోనని భయం. వస్తే ఏమనాలో కూడా తెలియలేదు. ఎవరూ రాలేదు. గట్టెక్కాక జల్లు మొదలైంది, గొడుగు విప్పాను. అక్క గొడుగు వంక చూసి, నా వంక చూసి, చిన్నగా నవ్వుకుంది. లాకుల దగ్గర ఒక్క క్షణం ఆగింది. నీళ్ళ వంక చూసింది. మళ్ళీ నడిచింది. ఇల్లు చేరేసరికి ఆమె బాగా తడిసింది. గాలివాన కదా అనుకున్నాను.

ఆమె వంట చేస్తుంటే ఉత్తరాలు గుచ్చే తీగ వెతికాను. నా కార్డులు ఒక్కటీ లేవు. పోస్టులో పోయాయనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

బందరు తిరిగొచ్చి హాజరు పుస్తకం తీసి చూశాను. నేను బయల్దేరిన సోమవారం దాకా, జూలైలో కోర్టు ఉన్న ప్రతి రోజూ నా సంతకం ఉంది, నా చేత్తో పెట్టిందే. పెత్తల్లి, పినతల్లి కొడుకుల్ని అడిగాను. ఆ నెలలో గుడివాడ వైపు వెళ్ళినవాడు లేడు. గుడివాడలో నా పోలికతో ఎవరైనా ఉన్నారేమోనని ఆచూకీ తీశాను. దొరకలేదు.

అక్కకి తర్వాత దివిసీమలో ఒక బడికి బదిలీ అయింది. పిల్లలు ఆమెను ఒంటి దుద్దు పంతులమ్మగారు అనేవారు. రెండోదేదీ అని అడిగితే, "దొంగ తీసుకుపోయాడే" అని తల దించకుండా చెప్పేది. దూరం నుంచి వచ్చే పిల్లలు గట్టు మీద ఒంటరిగా భయపడితే, వాళ్ళను ఇళ్ళదాకా తనే దిగబెట్టేది.

నేను మాత్రం ఆ మెప్పు తింటూ బతికాను. ఏ పెళ్ళిలోనైనా, "అక్క కోసం నెల్లాళ్ళు ఉద్యోగం మానుకున్నవాడు" అని ఎవరో ఒకరు అనేవారు. నేను తల వంచుకునేవాణ్ణి. దాన్ని అందరూ అణకువ అనుకునేవారు.

పదమూడేళ్ళకి అక్క జబ్బుపడింది. పులిగడ్డ రేవు దాటి చూడ్డానికి వెళ్ళాను. ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని, "అక్కా, ఆ నెల నేను..." అన్నాను.

"ఆ పెట్టె అడుగున చూడరా" అంది.

నాలుగు కార్డులూ ఉన్నాయి. గీతలతో సహా. కోర్టులో పనిచేసేవాణ్ణి, నా మీద నేనే రాసి పంపిన సాక్ష్యం సంగతి మరిచిపోయాను.

"మొదటి కార్డు చేతిలో పట్టుకునే తలుపు తీశాను. అరుగు పక్కన నువ్వు నిలబడున్నావు. ఇదేంటని అడుగుదామనుకున్నా. అడిగితే వెళ్ళిపోతాడేమో అనిపించింది. నాక్కావలసింది బడిదాకా నడవడం. అందుకే అడగలేదు."

"భయం వెయ్యలేదా?"

"భయం వెయ్యనిది ఆ నడక ఒక్కటేరా నాకు, అప్పట్లో."

కార్డులు నా చేతిలోంచి తీసుకుని సర్దింది. తర్వాత నవ్వింది.

"ఎంత వానొచ్చినా గొడుగు నా మీదే పట్టేవాడు. తను బయట నడిచేవాడు, తడిసేవాడు మాత్రం కాదు. నువ్వొచ్చిన రోజు గొడుగంతా నీ మీదే పట్టుకున్నావు. ఇదుగో, మా చిట్టిగాడు వచ్చాడనుకున్నా."

మరో రెండు నెలలకి అక్క పోయింది. కుడి చెవి దుద్దు తీయవద్దని ముందే చెప్పింది. ఈసారి గుమ్మానికి అడ్డంగా నేను నిలబడ్డాను.

ఆ నెల ఆమె వెనక నడిచింది ఎవరో నాకు తెలియదు. ఎన్ని విధాల ఆలోచించినా పొంతన కుదరలేదు. నకళ్ళు రాసేవాడిగా ఒక్కటే చెప్పగలను. ఆ నకలు అసలుకు సరిపోయిందని నేను సంతకం పెట్టలేను.

ఇప్పుడు వానలో నడిచేటప్పుడు గొడుగు పక్కకి పట్టుకుంటున్నాను. పక్కన ఎవరూ ఉండరు. నేను మాత్రం తడుస్తాను.