రుమైథియా మేడ మీద శనివారపు సిగ్నల్

2006లో నేను కువైట్‌లో డిష్‌లు బిగించే పనిలో ఉన్నాను. రుమైథియాలో ఒక ముసలావిడ ఇంటికి డిష్ పెట్టింది నేనే. పెట్టిన రెండు నెలలకు ఒక శనివారం ఫోన్ వచ్చింది. ఆవిడ చూసే ఈజిప్టు సీరియల్ బొమ్మ ముక్కలు ముక్కలై ఆగిపోతోందట.

పాత యాంటెన్నా రోజుల్లో సిగ్నల్ తగ్గితే చుక్కలు పడేవి, అయినా బొమ్మ కనిపించేది. డిజిటల్‌లో అలా ఉండదు. కాస్త తగ్గితే గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది, ఇంకాస్త తగ్గితే తెర నల్లగా మారిపోతుంది. అందుకే పరుగెత్తాను. నేను వెళ్లేసరికి బొమ్మ అద్దంలా ఉంది.

మళ్లీ శనివారం తొమ్మిదింటికి ఫోన్. వెళ్తే ఏ లోపమూ లేదు. కనెక్టర్లు మార్చాను. పై శనివారం మళ్లీ ఫోన్. డిష్ ముందు తరంగాలను పట్టుకునే ఎల్ఎన్‌బి మార్చాను. ఆ పై శనివారం కేబులంతా పీకి కొత్తది వేశాను. ఆ ఇంటి పేరు వింటేనే నాకు తలనొప్పి వచ్చేది.

ఆ ముసలావిడను ఇంట్లో అందరూ మామా అనేవాళ్లు. కేబుల్ మార్చిన రోజు మామా అరబ్బీ, హిందీ కలిపి తేల్చి చెప్పేసింది. "సదీఖ్, నీ తప్పు కాదు. రమణ దుమ్ము తుడుస్తూ టీవీ కింది డబ్బాను కెలుకుతోంది. ఇంకొక్కసారి ఆగిందంటే ఖలాస్, మక్తబ్‌కి పంపేస్తా."

సదీఖ్ అంటే నేస్తం, అక్కడ పనివాళ్లందరినీ అలాగే పిలుస్తారు. రమణ అంటే ఆ ఇంట్లో పనిచేసే రమణమ్మ, రాయచోటి వైపు మనిషి. మక్తబ్ అంటే ఆమెను పనికి కుదిర్చిన ఆఫీసు. ఇప్పటికే రెండిళ్లు మారి, నెల కిందటే ఈ ఇంటికి వచ్చింది. మళ్లీ తిప్పి పంపితే ఇక విమానం ఎక్కించేస్తారు. మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"అన్నా, నేనా డబ్బా జోలికే పోలేదన్నా. పైకి గూడా శనివారం ఒక్క దినమే పోతా, అదీ..."

"తల్లీ, నీకో దండం. నన్నొదిలెయ్. నా బుర్ర ఇప్పటికే వేడెక్కిపోయి ఉంది" అని కసిరి దిగిపోయాను.

ఆ తర్వాతి శనివారం మామాకు చెప్పి ఎనిమిదింటికే మేడ ఎక్కాను. కేబుల్‌కి మీటర్ తగిలించి కూర్చున్నాను. సిగ్నల్ ఉన్నంతసేపూ అది కూస్తూ ఉంటుంది. కాసేపటికి రమణమ్మ నీళ్లు కారుతున్న పసుపు చీర తెచ్చి, డిష్ కొమ్ము నుంచి నీళ్ల ట్యాంకుకు కట్టిన తాడు మీద, డిష్‌కు అడ్డంగా పరిచింది. మీటర్ నోరు మూసుకుంది.

"అయ్యబాబోయ్! ఇక్కడ ఆరేత్తావేంటమ్మా? ఆ పక్కన అంత దండెం ఉంది కదా!"

"దాని మీద ఇంట్లోవాళ్ల బట్టలన్నీ ఉంటాయి గదన్నా. తగిల్తే మైలపడతాది. ఇది మడిచీర. శనివారం ఏడుకొండలోడికి దీపం పెట్టాల. ఈ గిన్నె ముందర ఎవురూ ఏమీ ఆరేయరు."

తడిబట్ట ఆ తరంగాలను దాటనివ్వదు. ఆ ఎండకు గంటలో చీర ఆరిపోయేది, ఆమె తీసి కట్టుకునేది, బొమ్మ తిరిగొచ్చేది. ఆ తర్వాత నేను సంచీ వేసుకుని ఊడిపడేవాణ్ని. నాకు ఒళ్లు మండిపోయింది.

"నాలుగు వారాలమ్మా! ముందే చెప్పొచ్చు కదా?"

"ఆ దినం చెప్తాంటి గదన్నా. నువ్వే చెప్పనీలేదు."

ఇంతలో కింద టీవీ ఆగిపోవడంతో మామా పైకి వచ్చింది. ఏమైందని అడిగింది. రమణమ్మ అప్పటికే చీర లాగి చుట్టేసి వెనక్కి దాచుకుంది.

"తప్పు నాదే మామా" అన్నాను. "డిష్ కిందికి పెట్టేశాను. మెట్ల గది కప్పు మీద పెట్టాలి."

"నాలుగు వారాలు పట్టిందా? హ్మార్!" అంది. అంటే గాడిద అని. మార్చేసి వెళ్లమంది, మళ్లీ ఈ ఇంటి గడప తొక్కొద్దంది. రమణమ్మ వైపు చూడనైనా చూడలేదు.

మధ్యాహ్నానికి డిష్ పైకెక్కించాను. ఆ తాడును మాత్రం ట్యాంకుకూ గోడకూ మధ్య బిగించి కట్టాను. రమణమ్మ చీర మళ్లీ పరిచి, "ఇంగ ఆగదు గదన్నా?" అని రెండుసార్లు అడిగింది. ఆగదన్నాను.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా ముందు పనిమనిషిని అడిగేవాణ్ని, ఆమె చెప్పడం అయ్యేదాకా సంచీ విప్పేవాణ్ని కాదు. ఆ రోజు రమణమ్మను కాపాడటానికి అబద్ధం ఆడానని నాలో నేనే గొప్పగా అనుకుంటూ మెట్లు దిగాను. ఆమె నన్ను ఆపిన మెట్టు దగ్గరికి వచ్చాక తెలిసింది, తప్పు నాదేనని మామాకు నేను చెప్పింది నిజమేనని.