రిలీవరు రాని సాయంత్రం

రిటైరైన మగవాడు ఇంట్లో ఉంటే, అటక మీద ఉండాల్సిన గంగాళం నట్టింట్లో ఉన్నట్టేనట. ఎటు తిరిగినా కాలికి తగులుతుందట. ఈ మాట నాది కాదు, మా ఆవిడది. భిలాయి ప్లాంటులో షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఏళ్ళ తరబడి మనుషుల మీద అరిచినవాణ్ణి, ఇంటికొచ్చాక అరవడానికి ఎవరూ దొరక్క కుక్కరు మీద అరవడం మొదలుపెట్టాను. పప్పుకి ఎన్ని కూతలు రావాలో నేను చెప్పిన రోజున ఆవిడ గరిటె కింద పెట్టేసింది. "ఏటండీ, బయటికెళ్ళి ఎవరికైనా పనికొచ్చే పని చెయ్యరాదా?" అంది. అలా నేను సంఘసేవలో దిగాను.

మా ఇల్లు భిలాయిలోనే, కోహ్కా అనే పేటలో. రెండు వీధుల అవతల ఒక ట్రస్టు వాళ్ళు నడిపే వృద్ధాశ్రమం ఉంది. మతిమరుపు జబ్బు ముదిరిన వాళ్ళకి అందులో ఒక హాలు విడిగా ఉంచారు. అక్కడ తెలుగు వచ్చిన మనిషి అవసరమైంది. ఈ జబ్బులో చివర నేర్చుకున్నది ముందు పోతుందట. జీవితమంతా హిందీలో నెట్టుకొచ్చిన మనవాళ్ళు కొందరికి ఆ హిందీ జారిపోయి, విజయనగరం వైపు మాటలు మాత్రమే మిగిలాయి. ఆయాలంతా ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. వీళ్ళు మంచినీళ్ళు అడిగితే వాళ్ళు దుప్పటి తెచ్చేవారు.

మొదటి వారం నేను చేసింది సేవ కాదు, పెత్తనం. ఒక ముసలావిడ వాళ్ళాయన ఇంకా భోజనానికి రాలేదేమని అడిగితే, ఆయన పోయి చాలా కాలమైందమ్మా అని ఉన్న మాట చెప్పాను. నిజం చెప్పడం ఎప్పుడూ మంచిదేనని నమ్మే రకాన్ని. ఆవిడ అప్పుడే కబురు తెలిసినట్టు గుండెలు బాదుకుంది. పెద్ద ఆయా నన్ను వరండాలోకి పిలిచి, "సర్‌జీ, ఇక్కడ నిజాలు చెప్పకండి. వాళ్ళ మనసుకి ఏది నెమ్మదో అది చెప్పండి" అని హిందీలో మెత్తగానే అంది. మెత్తగా అన్నా నాకు కోపం వచ్చింది. అయినా నేర్చుకున్నాను.

అదే హాల్లో ఒక స్టేషన్ మాస్టారు ఉండేవారు. మన శ్రీకాకుళం వైపు కిరస్తానీ కుటుంబం, తాతల కాలం నుంచీ రైల్వేలోనే. ఈ లైన్లో చిన్న చిన్న స్టేషన్లలో పనిచేసి ఎప్పుడో రిటైరయ్యారు. కూతురు పక్కనే భిలాయి-3 అనే ఊళ్ళో టీచరు. తండ్రి రెండుసార్లు ఇంట్లోంచి వెళ్ళిపోయి పట్టాల మీద దొరికాక, భయపడి ఇక్కడ చేర్చింది. ఆదివారం చర్చి నుంచి తిన్నగా వచ్చి, తెచ్చిన కూర దగ్గరుండి తినిపించి వెళ్ళేది.

పగలు ఆయనతో ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రమైతే మాత్రం కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు. ఆ కిటికీలో ఎప్పుడో కనెక్షను తీసేసిన పాత టెలిఫోను ఒకటి ఉండేది. అది ఎత్తి, బళ్ళు నడిపించే కంట్రోలు ఆఫీసుతో మాట్లాడేవారు. ఇక ఆ కుర్చీలోంచి కదిలేవారు కాదు. అన్నానికి లేవరు, పడుకోవడానికి లేవరు, దొడ్డికైనా లేవరు. చెయ్యి పట్టుకుని లేపబోతే తిట్టేవారు. మందిచ్చి నిద్రపుచ్చితే తూలి పడ్డారని డాక్టరు అది మాన్పించాడు. ఆయాలకు ఆయన గోడు అర్థమయ్యేది కాదు. తెలుగులో ఒకటే మాట అనేవారు.

"రిలీవరు రానిదే ఎలా ఎల్తాను?"

నాకు ఆ ఒక్క ముక్కతో అంతా తెలిసిపోయింది. మా ప్లాంటులోనూ అదే పద్ధతి. తరువాతి షిఫ్టు మనిషి వచ్చి చార్జి తీసుకునేదాకా ముందు షిఫ్టు మనిషి చోటు విడవకూడదు. స్టేషన్ మాస్టారికైతే మరీను. ఆ కుర్చీ ఖాళీ అయితే ఒకే లైను మీదికి రెండు బళ్ళు వస్తాయి. అందుకే ఆయన రోజూ సాయంత్రం తన బదులు రావలసిన మనిషి కోసం చూస్తున్నారు. ఆ మనిషి ఏనాడూ రావడం లేదు.

మర్నాడు చొక్కా టక్ చేసుకుని, దువ్వుకుని, ఆయన ముందు నిలబడ్డాను. "మాస్టారూ, రిలీఫ్‌కి వచ్చాను. చార్జి ఇవ్వండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "కొత్తగా వొచ్చినావేటి, తమ్ముడూ?"

"అవునండి."

"ఇదిగో ఇను. రెండో లైన్లో గూడ్సు నిలబడిపోయుంది, ఇంజను ఫెయిలు. మెయిను లైను కాళీ. పేసింజరు లేటు. బేగి బేగి తోసీకు, నిదానంగా సూసుకో." తాళాలిస్తున్నట్టు కళ్ళజోడు డబ్బా నా చేతిలో పెట్టారు. "తీసుకున్నావా?"

"తీసుకున్నాను."

ఆ మాట అనగానే ఆయన ఒళ్ళు విరుచుకుని లేచారు. కాళ్ళు కడుక్కున్నారు, అన్నం తిన్నారు, మంచమెక్కారు. పిల్లాడిలా నిద్రపోయారు. పెద్ద ఆయా నాకు దణ్ణం పెట్టినంత పని చేసింది.

అప్పటినుంచి రోజూ అదే. ఆయన కళ్ళు మూతపడగానే కళ్ళజోడు డబ్బా కిటికీలో పెట్టేసి నేను టీకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆశ్రమం మేనేజరు ఒకసారి, ఈ కిటుకు మా వాచ్‌మన్‌కి కూడా నేర్పండి, మీరు రాని రోజున పనికొస్తుంది అన్నాడు. "ఆయనకి నేనైతేనే కుదురుతుందండీ" అన్నాను. నేర్పితే అరగంట పని. నేర్పితే నా గొప్ప ఏమవుతుంది? ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి గాని, అప్పుడు అనుకున్నది సరిగ్గా అదే.

చేసిన పుణ్యం చెప్పుకుంటే పోతుందంటారు. నేను చెప్పుకోని చోటు లేదు. కూరల బజారులో చెప్పాను, పేకాటలో చెప్పాను. గోరంత కథ కొండంతయింది. చివరికి సెక్టర్ 2లో మన తెలుగు వాళ్ళ కార్యక్రమం ఒకటి పెట్టి, నాకు శాలువా కప్పుతామనీ, పెద్దల సేవ గురించి నాలుగు మాటలు చెప్పమనీ అడిగారు. మొహమాటపడ్డట్టు నటించి ఒప్పుకున్నాను.

సభ సాయంత్రం. అంటే ఆయనకి నేను రిలీఫ్ ఇవ్వాల్సిన వేళ.

"ముందు ఆ మాస్టారి దగ్గరికెళ్ళి, అట్నుంచి అటే సభకి ఎళ్ళండి. దార్లోదే కదా" అంది మా ఆవిడ.

నేను పట్టు పంచె కట్టుకుని ఉన్నాను. ఆశ్రమంలో ఎవరో ఒకరు మీద చారు ఒంపుతారు. పైగా ఆ పంచెలో వెళ్తే డ్యూటీకి వచ్చినవాడిలా ఉండను, మళ్ళీ బట్టలు మార్చుకోవాలి. "ఒక్క రోజుకి ఏమవుతుందే. ఆయనకి గుర్తుంటుందా ఏంటి?" అన్నాను.

కుంకుమ బొట్టు పెట్టించుకోవడానికి వంగితే, మా ఆవిడ భరిణె నా చేతికే ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

సభ బాగా జరిగింది. బాగా అంటే నా మటుకు. మైకు పట్టుకుని మాస్టారి కథ చెప్పాను. ఊరికే చెప్పలేదు, నటించి చూపించాను. ఆయనలాగే నడుం వంచి, ఆయన గొంతుతో "రిలీవరు రానిదే ఎలా ఎల్తాను" అన్నాను. హాలు పడీ పడీ నవ్వింది. అంత నవ్వు వచ్చిందని ఇంకోసారి అన్నాను. ముందు వరసలో ఆడవాళ్ళు నవ్వుతూనే కళ్ళు ఒత్తుకున్నారు. నేను ఆ ముక్క అంటున్నప్పుడే లాల్చీ జేబులో ఫోను గిజగిజలాడింది. జేబు మీద చెయ్యి వేసి అదిమాను.

భోజనాల దగ్గర తీసి చూస్తే పెద్ద ఆయా నంబరు, వరసగా. చేతికి పులిహోర అంటి ఉంది. పక్కన కూర్చున్నాయన నా గురించే ఎవరికో చెబుతున్నాడు. అది వదిలి లేవబుద్ధి కాలేదు. రేపు ఎలాగూ వెళ్తాను కదా అనుకుని ఫోను జేబులో పెట్టేశాను. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను కూడా. ఆ శాలువా ఇప్పటికీ బీరువాలో అట్టడుగున ఉంది. బయటికి తియ్యొద్దని మా ఆవిడకి చెప్పాను. ఆవిడకి చెప్పనక్కర్లేదు.

పొద్దున్న కాఫీ తాగుతూ ఆయాకి ఫోను చేశాను.

"సర్‌జీ, మీరు రాలేదు. బాబూజీ కూర్చునే ఉన్నారు" అంది. కోప్పడలేదు.

"రాత్రి ఎప్పుడు పడుకున్నారు?"

"ఇంకా కూర్చునే ఉన్నారు."

చొక్కా ఏది వేసుకున్నానో గుర్తులేదు. కాఫీ అలాగే వదిలేసి వెళ్ళాను. గుమ్మంలోనే ఆయా రాత్రి సంగతి చెప్పింది. వాచ్‌మన్ టోపీ తను పెట్టుకుని, ఆయన ముందు నిలబడి, నేను చెయ్యి చాపినట్టే చాపిందట. నేను చేసేది రోజూ చూస్తూ ఉందిగా. కానీ ఏ మాట అనాలో ఆవిడకి తెలీదు. ఆయన ఆవిణ్ణి పక్కకి నెట్టేసి కిటికీలోంచి గేటు వైపే చూశారట. అన్నం తెస్తే వద్దన్నారట. లేపబోతే కుర్చీ చేతులు పట్టుకుని వదల్లేదట. చాలాసేపయ్యాక ఫోను ఎత్తి ఏదో మాట్లాడారట. తెలుగులో మాట్లాడారు గనక ఆవిడకి అర్థం కాలేదు.

ఆయన నిటారుగా కూర్చుని ఉన్నారు. చొక్కా పై గుండీ దాకా పెట్టి ఉంది. పాదాలు పొంగి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి. కుర్చీ కింద ఎవరో పాత తువ్వాలు పరిచారు. పంట్లాం తడిసి ఉంది. ఒక స్టేషను భారం మోసిన పెద్దమనిషి, పదిమంది ఎదుట, ఆ తడిలో కూర్చుని రాత్రంతా నాకోసం చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "మాస్టారూ, రిలీఫ్‌కి వచ్చాను" అన్నాను. ముందురోజు మైకులో ఆయన మాటతో పాటు ఈ మాటా ఇదే గొంతుతో అని ఉన్నాను. నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు.

ఆయన మెల్లిగా తల తిప్పారు. తిడతారనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. నా సర్వీసులో ఆలస్యంగా వచ్చినవాణ్ణి నేనెప్పుడూ వదల్లేదు. బిడ్డకు బాగోలేదన్న వాడికి కూడా, ఆ బిడ్డ పేరు అడక్కుండా, సగం రోజు జీతం కోసేశాను.

"వొచ్చీసినావా తమ్ముడూ" అన్నారు. పెదాలు ఎండిపోయి మాట సరిగా రావడం లేదు. "ఇంటికాడ అందరూ బాగున్నారా? పిల్లలకేటైనా జొరమా?"

తల అడ్డంగా ఊపాను. శాలువా కప్పించుకోవడానికి వెళ్ళానని చెప్పనా?

"మెయిను లైను కాళీ" అన్నారు. "గూడ్సు ఎల్లిపోయింది. అంతా బాగుంది." కళ్ళజోడు డబ్బా నా చేతిలో పెట్టారు. రాత్రంతా గుప్పిట్లోనే ఉందేమో, వేడిగా ఉంది. "తీసుకున్నావా?"

"తీసుకున్నానండి."

ఆయన లేవలేదు. దగ్గరికి రమ్మని చేత్తో సైగ చేశారు. ఆయా వింటుందేమోనని అటొకసారి చూసి, గొంతు తగ్గించారు.

"రాత్రి కంట్రోలువోడు అడిగినాడు, రిలీవరు వొచ్చినాడా లేదా అని. టైముకే వొచ్చినాడు, సార్జి తీసీసుకున్నాడు అని సెప్పీసినాను. ఎవులైనా అడిగితే నువ్వూ అదే సెప్పు. ఉజ్జోగం మీదికి తెచ్చుకోకు, తమ్ముడూ."

నేనూ ఆయా చెరో పక్కా పట్టుకుని లేపాం. మొదట కాళ్ళు నిలవలేదు. బట్టలు మార్చి పడుకోబెడితే, దుప్పటి కప్పేలోపే నిద్రపోయారు. రోజూ అయితే అప్పుడు నేను డబ్బా కిటికీలో పెట్టి టీకి వెళ్తాను.

కుర్చీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఆయా బకెట్టూ గుడ్డా తెచ్చి, "లేవండి సర్‌జీ, అది ఇంకా కడగలేదు" అంది. కూర్చున్న చోట తడి చల్లగా తగులుతోంది. తరవాత కడుగుదువు గాని, దీదీ, అన్నాను. డబ్బా చేతిలోనే పెట్టుకుని, ఆయన లేచేదాకా అక్కడే కూర్చున్నాను.