కడగని గేదె

గేదెల నోట్లో, గిట్టల్లో పొక్కులు లేపే గాలికుంటు వైరస్ వెనక నేను చాలా ఏళ్లుగా పడి తిరుగుతున్నాను. మా గుడివాడ చుట్టాలకి మాత్రం నేను ఇప్పటికీ పశువుల డాక్టర్నే. ల్యాబులో కూర్చునేదాన్నని ఎన్నిసార్లు చెప్పినా, పెళ్లిళ్లలో ఎవరో ఒకరు పక్కకి పిలిచి తమ ఆవు సంగతి అడుగుతారు. చిరాకు పడుతూనే జవాబు చెప్తాను.

ఈ వైరస్ మహా టక్కరిది. టీకా వేస్తే గేదె రక్తంలో యాంటీబాడీలు తయారవుతాయి. అవి వైరస్ పైపొరలో కొన్ని చోట్లని గుర్తుపట్టి పట్టుకుంటాయి. వైరస్ సరిగ్గా ఆ చోట్లనే కాస్త మార్చుకుంటుంది, దాంతో పట్టు జారిపోతుంది. అలా మారినదాన్ని పట్టుకుంటేనే కొత్త టీకాకి దారి. పట్టుకోవాలంటే పొక్కు మీది పొర తాజాగా దొరకాలి.

దివిసీమలో నాగాయలంక వైపు ఒక ఊళ్లో టీకా వేసిన గేదెకే జబ్బు వచ్చిందని అక్కడి పశువైద్యుడు ఫోన్ చేశాడు. మా ల్యాబు పెద్దాయన నమ్మలేదు. "వేయించలేదని ఎవరు ఒప్పుకుంటారమ్మా? ముందు అది తేల్చుకో" అన్నారు.

ఆ గేదె ఒక పెద్దావిడది. ఆవిడకి ఉన్నవి రెండే. ఊళ్లో టీకాలు వేసిన రోజున అవి పక్కూళ్లో చెల్లెలి పొలంలో మేస్తున్నాయి. అక్కడే సూది వేయించింది గానీ ఎవరూ రాసుకోలేదు. ఇప్పుడు ఊరంతా ఆవిడ మీద పడింది. సూదికి భయపడి గేదెల్ని దాచేసిందనీ, జబ్బు ఆవిడే తెచ్చిపెట్టిందనీ అన్నారు. పాలకేంద్రం ఆయన నలుగురి ముందూ ఆవిడ క్యాను వెనక్కి పంపేశాడు.

"పాలు పోతే పోనీ అమ్మా. నన్ను అబద్ధాలకోరు అంటన్నారు, అదే మింగుడుపడట్లేదు" అంది ఫోన్లో.

"రేపొద్దున్నే వస్తున్నానండి అత్తయ్యగారూ" అన్నాను.

ఆ ముక్క చెప్పడమే నేను చేసిన తప్పు. వెళ్లేసరికి గేదె నల్లగా నిగనిగలాడుతోంది. డాక్టరమ్మ వస్తోందని దాని నోరు పటిక నీళ్లతో, గిట్టలు చాకలిసోడా నీళ్లతో రుద్ది రుద్ది కడిగింది. నుదుట బొట్టు కూడా పెట్టింది. పటికన్నా సోడా అన్నా ఈ వైరస్‌కి చావే. నేను తీసుకెళ్లిన నమూనాలో ఏమీ పెరగలేదు.

ఆవిడ మీద కోపం రాలేదు, నా మీదే వచ్చింది. ఒళ్లు కాలిపోతున్నా తల దువ్వుకుని ఇస్త్రీ చీర కట్టుకుంటే గానీ మా అమ్మ డాక్టరు గుమ్మం ఎక్కదు. అలాంటి ఇంట్లో పుట్టి, ముందురోజు ఫోన్ చేస్తానా!

ఈసారి కబురు రాగానే చేరుకోవాలని మచిలీపట్నంలో గది తీసుకుని కూర్చున్నాను. ఆవిడ రెండో గేదెకి కూడా జబ్బు రావాలని ఎదురుచూడటం ఏం బుద్ధో గానీ, చూశాను. వస్తే మాత్రం కడగొద్దని దండం పెట్టి మరీ చెప్పాను.

ఎనిమిదో రోజు పొద్దున ఫోన్ మోగింది. "నురగ కారస్తంది. కడగలేదు. తొందరగా రామ్మా, చూళ్లేకపోతున్నా."

గిలకలదిండి చేపల రేవులో థర్మోకోల్ పెట్టె నిండా ఐసు వేయించుకుని పరిగెత్తాను. గేదె ఒళ్లంతా పేడ, మూతి నిండా నురగ, ఈగలు. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని పక్కనే నిలబడింది. "గేదెని కూడా కడుక్కోలేకపోతంది" అని గోడ అవతల నుంచి ఎవరో నవ్వారు. ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి గానీ బకెట్టు ముట్టుకోలేదు. నాలుక మీది పొక్కు పొర తీసి సీసాలో వేశాను, మెడ దగ్గర రక్తం తీశాను, రెండింటికీ సీలు వేశాను.

పామర్రులో బస్సు మారాను. "చేపలాండీ, రొయ్యలా?" అని కండక్టరు పెట్టె వైపు చూశాడు. "గేదె నాలుక" అన్నాను. ఆయన మళ్లీ నా వైపు రాలేదు.

ల్యాబులో వైరస్ పెరిగింది. ఆ గేదె రక్తం పాత టీకా వైరస్‌ని గట్టిగా అడ్డుకుంది. జబ్బు వల్ల యాంటీబాడీలు పుట్టాలంటే రోజులు పడుతుంది, ఇది జబ్బు మొదలైన రోజే తీసిన రక్తం కాబట్టి ఆ బలం టీకాదే. అదే రక్తాన్ని ఆ గేదె నాలుక మీది వైరస్‌తో కలిపితే అడ్డుకోలేక చతికిలబడింది. ఆవిడ నిజమే చెప్పింది, వైరస్ వేషం మార్చింది. ఒక్క గేదె రక్తంతో రెండూ తేలిపోయాయి! ఈ వయసులో వరండాలో గెంతులేశాను. పెద్దాయన "మళ్లీ చెయ్యి" అన్నారు. చేశాను. మళ్లీ అదే. "గెలిచావమ్మా" అన్నారు. ఆ తర్వాత కొత్త టీకాకి ఆ వైరస్‌నే ఎంచుకున్నారు.

టీకా ఊరికి వచ్చిన రోజున ఆవిడే ఫోన్ చేసింది. "ఇయ్యాలైనా కడగనిస్తావా?"

"కొమ్ములకి నూనె కూడా రాయండి" అన్నాను.

ఈసారి వానలు వెళ్లినా ఊళ్లో ఒక్క గేదె నురగ కార్చలేదు. మొన్న వెళ్లినప్పుడు ఆవిడతో పాటు పాలకేంద్రానికి నడిచాను. వరసలో ఉన్న ప్రతివాళ్లనీ "టీకా వేయించారా?" అని అడిగి మరీ పాలు పోయించుకుంటున్నాడు, అప్పట్లో ఆవిడ క్యాను వెనక్కి పంపినాయనే. ఆవిడ వంతు రాగానే ఏమీ అడక్కుండా క్యాను అందుకోబోయాడు. ఆవిడ వదల్లేదు.

"నన్నూ అడుగు."

"మిమ్మల్ని అడిగేదేముందండీ?"

"అడగవయ్యా."

అడిగాడు.

"ఏయించాను" అంది, వరస చివరిదాకా వినపడేలా. అప్పుడు క్యాను వదిలింది.