పక్కతెర మనిషి

మా పిన్ని రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, "అందరినీ చల్లగా చూడు స్వామీ, ఆ హీరోగాణ్ణి తప్ప" అనేది.

పిన్ని నాటకాల కంపెనీలో హాస్యపాత్రలు వేసేది. ఒక ప్రదర్శనలో హీరో నాటకంలో లేని మాట కల్పించి, ఆమెను చూపిస్తూ, "ఈ మొహానికి మొగుడెక్కడ దొరుకుతాడర్రా!" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. వాళ్ళ మధ్య కూర్చున్న అమ్మమ్మ తల దించుకుంది. అది చూసి పిన్నికి ఒళ్ళు మండిపోయింది.

హీరోకి ఏ నాటకమూ నోటికి రాదు. పక్కతెర వెనక మనిషి పుస్తకం చూసి మాట అందిస్తేనే నోరు విప్పుతాడు. మరునాడు పిన్ని నేరుగా ఆ మనిషి దగ్గరికే వెళ్ళింది. ఇన్నాళ్ళూ అతని గొంతు విన్నదే గాని ముఖం సరిగా చూసింది లేదు. దగ్గుతున్న ముసలి నటుడికి వేడినీళ్ళు తాగిస్తున్నాడు.

"ఇవాళ వాడికి మాట అందించకండి."

"నా ఉద్యోగం పోతుందండీ."

"నిన్న మీరూ నవ్వారా?"

"లేదండీ. ఈ పుస్తకం వాడి మొహాన కొడదామనిపించింది."

ఆ రోజు నాటకం మధ్యలో అతను పుస్తకం మూసేశాడు. హీరో గుడ్లు తేలేశాడు. ఈలలూ కేకలూ మిన్నుముట్టాయి. పిన్ని ఎదురుగా నిలబడి, కడుపు నిండేదాకా చూసింది. యజమాని పక్కతెర మనిషిని అప్పటికప్పుడే పొమ్మన్నాడు.

అతను పెట్టె సర్దుకుంటుంటే పిన్ని, కంపెనీలో మేకప్ వేసే అక్క చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నాకో సాయం చెయ్యవే. నన్ను చేసుకుంటాడేమో ఆయన్ని అడుగు. ఊఁ అన్నాడంటే, మొదటి పిలుపు ఆ హీరోగాడికే. నువ్వే వెళ్ళి పిలవాలి."