ఆ విమానం నడిపిందెవరు

టార్నీట్ వెళ్లే రైల్లో ఎదురుగా కూర్చున్న ముసలావిడ నన్ను గుర్రుగా చూసింది.

"ఇందాక మ్యూజియంలో అబద్ధం చెప్పింది నువ్వే కదా?"

ఆదివారాలు నేనక్కడ వాలంటీర్‌ని. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఒక గొర్రెల ఫారం యజమాని చిన్న విమానం కొనుక్కుని, తనే నడిపేవాడని చూడవచ్చినవాళ్లకు చెబుతుంటాను.

"బోర్డు మీద అలాగే ఉంది, మేడమ్."

"మా నాన్నకి నిచ్చెనెక్కితేనే కళ్లు తిరిగేవి. నడిపింది మా అమ్మ. మీవాళ్లకి చెప్తే నవ్వారు."

"సారీ..."

"నీ సారీ నాకెందుకు?" అంటూ లేచి వేరే పెట్టెలోకి వెళ్లిపోయింది.

బోర్డు ఇప్పటికీ మారలేదు. నేను మాత్రం విమానం నడిపింది ఆయన భార్య అనే చెబుతున్నాను. ఆవిడ పేరేమిటని ఎవరైనా అడిగితే, తెలియదంటాను.